తాళం వేసింది వేసినట్టే

తాళం తియ్యకుండా సూట్‌కేసులోని నగ ఎలా మాయమవుతుందన్న అనుమానం ఆడపడుచు మనసులో ఏళ్ల తరబడి నలుగుతూనే ఉంది. అప్పట్లో వదిన విమానంలో తెచ్చిన అమ్మ గొలుసు అలాగే పోయింది మరి.

ఇప్పుడు ఆ ఆడపడుచే విమానం దిగి వదినగారింటికొచ్చి, తన సూట్‌కేసు తెరిచి, చీరలన్నీ దులిపి, మంచం మీద కూలబడింది.

"అమ్మ సామాన్లలో నీ వాటాకొచ్చిన వెండి చెంబు లేదు వదినా! తాళం వేసింది వేసినట్టే ఉంది. దేవుడి మీద ఒట్టు, నా చేత్తో సర్దాను."

వదిన సూట్‌కేసు మూసి, తాళం వేసి, పెన్ను మొనను జిప్పు పళ్ల మధ్య గుచ్చింది. జిప్పు నోరు తెరిచింది. తాళం పట్టుకుని అటూ ఇటూ లాగితే మళ్లీ మూసుకుంది.

"సామాను ఎక్కించేచోట ఎవరో చేతివాటం చూపించారు, అంతే."

"ఇంత తెలిసినదానివి, ఆరోజే ఎందుకు చూపించలేదు?"

"చూపించానమ్మాయ్, మీ అమ్మకి. 'దొంగ కిటుకులు నీకెలా తెలిశాయే?' అంది. మళ్లీ ఎవరికీ చూపించలేదు."

గొలుసు పోయిన ఆ రోజు వదిన హ్యాండ్‌బ్యాగ్ లాక్కుని, అందరి ముందూ నేల మీద కుమ్మరించింది ఈ ఆడపడుచే.

లేచి, తన హ్యాండ్‌బ్యాగ్‌ను వదిన కాళ్ల ముందు బోర్లించింది. కళ్లద్దాలు, మందులు, జపమాల చెల్లాచెదురయ్యాయి.

"వెతుకు వదినా. నీకు బాకీ ఉన్నాను."

వదిన వంగి, జపమాల తీసి ఆమె చేతిలో పెట్టింది.

"తీరిందిలే. చూడ్డానికి మీ అమ్మే లేదు."