పచ్చరాయి పేరు

ముసలాయన చెయ్యెత్తగానే మిలూషె మనసు కీడు శంకించింది.

ఆ గనుల ఊరి మ్యూజియానికి అది పండగ రోజు. హాలు మధ్యలో గాజుపెట్టె, అందులో గోరంత పచ్చరాయి. బల్లల మీద బీరు గ్లాసులు, గసగసాలు కూరిన రొట్టెలు. ఊళ్లోని ముసలి గనికార్మికులంతా చర్చికి వేసుకునే కోట్లు తొడుక్కుని మరీ వచ్చారు.

ఆ రాయి మీద పనిచేసి చేసి మిలూషె కళ్లద్దాల మందం పెరిగింది. రంగు చూసి అందరూ మలకైట్ అనే మామూలు రాగి ఖనిజమన్నారు. ఆమె కాదంది. మలకైట్ అయితే ఆమ్లం చుక్క పడగానే నురగ రావాలి, దీనికి రాలేదు. ఆవగింజంత ముక్క బొగ్గు మీద కాల్చి చూస్తే వెల్లుల్లి వాసన గుప్పుమంది. అంటే లోపల ఆర్సెనిక్ ఉంది. పచ్చదనం రాగిది, విషం ఆర్సెనిక్‌ది. ఆర్సనేట్ల కుటుంబంలోదన్నమాట. ఆ కుటుంబంలో పచ్చనివాళ్లకు కొదవలేదు గానీ, ఎక్స్-రేలో చూస్తే దీని లోపలి అల్లిక ఎవరితోనూ కలవలేదు. లోకానికే కొత్త ఖనిజమని తేలింది.

కొత్తదానికి పేరు కావాలి. ఈ పనిలో ఉన్నవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. ఖనిజానికి ఎవరూ తమ పేరు తామే పెట్టుకోరు. పెట్టుకుంటే నలుగురిలో తల ఎత్తుకోలేరు.

మిలూషె ఒక ఖైదీ పేరు పెట్టింది. రాజకీయ ఖైదీల చేత యురేనియం తవ్వించిన రోజుల్లో, ఒతకర్ రెజెక్ అనే కుర్రాడు బండ కూలి చచ్చిపోయాడు. అతని కోటు జేబులో దొరికిన రాయి ఇది. అందుకని రెజెకైట్.

ఆమె ఈ సంగతి చెబుతుంటే ముసలి కార్మికులు టోపీలు తీశారు. సరిగ్గా అప్పుడే ఆ చెయ్యి లేచింది.

"పేరు తప్పమ్మా," అన్నాడు ముసలాయన. కార్లోవీ వారీ అనే ఊరి నుంచి బస్సులో వచ్చి, దిగీ దిగగానే నేరుగా ఇక్కడికొచ్చాడు. కూతురు బ్లాంకా పక్కనే ఉంది. "ఆ రాయిని ఏరింది రెజెక్ కాదు, కౌదెలా. లుద్విక్ కౌదెలా. ఆ పేరు పెట్టండి."

మీకెలా తెలుసని మిలూషె అడిగింది. తానూ ఆ గనిలో ఖైదీనేననీ, కౌదెలా దాన్ని దీపం దగ్గర పెట్టుకుని మురిసిపోవడం కళ్లారా చూశాననీ చెప్పాడు.

"సంతోషం. ఇంతకీ తమరి పేరు?"

ముసలాయన తల దించుకున్నాడు. కూతురే చెప్పింది, సిగ్గుతో చితికిపోతూ.

"లుద్విక్ కౌదెలా."

హాలంతా గొల్లున నవ్వింది.

"ఇంకో గ్లాసు పోయండర్రా, బీరుక్కూడా తాత పేరే పెడదాం," అన్నాడు వెనక నుంచి ఎవరో.

మిలూషెకి ఒళ్లు మండిపోయింది. పోయినవాడి పేరు చెరిపేసి తన పేరు ఎక్కించుకోవాలని చూసే మనిషి ఇంతవరకూ ఆమెకు తగల్లేదు.

"రెజెక్ ప్రాణం పోయింది తాతగారూ. మీరు ఇన్నేళ్లు బతికారు కదా, అది చాలదా?"

ఆయన మొహం పాలిపోయింది. ఏదో చెప్పబోయి, కూతురి వైపు చూసి ఆగిపోయాడు.

బ్లాంకా ఆయన రెక్క పట్టుకుని నడిపించింది. గాజుపెట్టె దగ్గర ఆయన కాళ్లు ఆగాయి. కాపలావాడు వెంటనే చెయ్యి అడ్డం పెట్టాడు.

"పరువు తీశావు కదా నాన్నా," అంటోంది బ్లాంకా గుమ్మం దాటుతూ.

రెజెకైట్ పేరు శాస్త్ర పత్రికలో అచ్చయింది. అచ్చయ్యాక ఖనిజం పేరు మార్చడం దాదాపు కుదరని పని.

మిలూషెకి మాత్రం సరిగా నిద్ర పట్టేది కాదు. తను అన్నదాంట్లో తప్పేముందని సర్దిచెప్పుకునేది. కళ్లు మూస్తే మళ్లీ ఆ పాలిపోయిన మొహమే.

మంచు పడే రోజుల్లో బ్లాంకా ఒక్కతే వచ్చింది. పోట్లాటకొచ్చిందనుకుని మిలూషె బిగుసుకుపోయింది.

"నాన్న పోయాడండి. సమాధి మీద ఏ పేరు చెక్కించాలో తెలియక మీ దగ్గరికొచ్చాను."

మిలూషెకి ఏమీ అర్థం కాలేదు. కూర్చోబెట్టి టీ ఇచ్చింది.

ఆసుపత్రిలో తండ్రి చెప్పినదంతా బ్లాంకా చెప్పుకొచ్చింది. గనిలో ఇద్దరు స్నేహితులు. ఒకడు జ్వరంతో వణుకుతుంటే రెండోవాడు తన మందపాటి కోటు వాడికి తొడిగి, వాడి చిరుగుల కోటు తాను వేసుకున్నాడు. కాసేపటికి ఏదో పచ్చరాయి కనబడితే ఏరి, ఆ చిరుగుల కోటు జేబులోనే వేసుకున్నాడు. ఆ పూటే బండ కూలింది. మొహం ఆనవాలు పట్టేలా లేదు. కోటు మీది నంబరు చూసి పేరు రాసేశారు.

పోయినవాడు అనాథ. ఆ చలికాలం దాటితే అతనికి విడుదల. జ్వరంతో ఉన్నవాడికి యావజ్జీవం. వాడు నోరు విప్పలేదు. వారం తిరక్కుండా వాణ్ని, మొహం ఎరిగినవాళ్లు లేని వేరే శిబిరానికి మార్చారు. స్నేహితుడి పేరుతో బయటికొచ్చి, ఆ పేరుతోనే పెళ్లాడి, పిల్లల్ని కన్నాడు. దొరికిపోతానన్న భయంతో కన్నతల్లి గడప మళ్లీ తొక్కలేదు.

మిలూషె కప్పు బల్ల మీద పెట్టేసింది.

"ఆ రోజు నేను పక్కన లేకపోతే మీకు చెప్పేవాడేమో," అంది బ్లాంకా. "తన పేరు కోసం పాకులాడుతున్నాడని నేనూ అనుకున్నానండీ. మీరు రాయికి పెట్టిందే మా నాన్న పేరు, దాన్ని తీసెయ్యమని అడగడానికి వచ్చాడు."