పడని ప్రయాణం

“వదినా, ఒక్క మాత్ర ఇవ్వవా?” పడవ అంచు పట్టుకుని రెండోసారి వాంతి చేసుకుంటూ అడిగింది మా ఆడపడుచు.

“అయిపోయాయి” అన్నాను.

వాంతులు రాకుండా పడవెక్కే గంట ముందే వేసుకోమని డైవింగ్ నేర్పే ఆయన చెప్పిన మాత్రలు నా సంచిలోనే ఉన్నాయి. నేనొకటి వేసుకున్నాను. ఆమెకి గుర్తు చేయలేదు.

ఆమె అత్తగారు కోడలి ముఖంలోకి పరీక్షగా చూసింది. “పెళ్లయి పది రోజులేగా! ఏమిటమ్మా ఈ వాంతులు?”

ఏడేళ్ల కిందట నన్నూ ఇలాగే అడిగారు. పెళ్లయిన మర్నాడు కారులో నేను వాంతి చేసుకుంటే, పెళ్లికి ముందే కడుపని, తర్వాత గుట్టుగా తీయించుకున్నానని చుట్టాలందరికీ చెప్పింది ఈ ఆడపడుచే.

“నాకూ అప్పట్లో ఇలాగే అయిందండీ. ఎందుకో మీ కోడలికి బాగా తెలుసు, అడగండి” అన్నాను తాపీగా.

ఆడపడుచు నా చెయ్యి పట్టుకుంది. “వదినా, నీకు దండం పెడతాను.”

“చెప్పు. అందరికీ వినపడాలి.”

“వదినకి ఆ రోజు కారు ప్రయాణం పడలేదంతే, అత్తయ్యా. కడుపూ లేదు, ఏమీ లేదు. ఆ మాట పుట్టించింది నేనే. నాకిప్పుడు పడవ పడలేదు.”

“ఓస్, అంతేనా!” అంటూ అత్తగారు ఆమె వీపు నిమిరింది.

నేను గెలిచినట్టు మా ఆయన వైపు తిరిగాను. మాస్కు తగిలించుకుంటున్న ఆయన చేతులు మధ్యలోనే ఆగిపోయాయి.

“నిజంగా కారు వల్లేనా?” అన్నారు, గుండెల మీంచి బండ దిగినట్టు.

ఏడేళ్లు నా పక్కనే ఉంటూ ఆయన కూడా ఆ మాట నమ్మారన్నమాట.

నీళ్లలోకి దిగడానికి నవ్వుతూ చెయ్యి అందించారు. నేను అందుకోలేదు.