నేలమాళిగలో ఆడవాళ్లు

"ఈసారి ఏ పెట్టె కావాలమ్మా?"

టౌన్ హాల్ క్లర్కు ఏసా టటిల్ తల ఎత్తకుండానే అడిగాడు.

"నాలుగోది. ఊరు వెళ్లగొట్టినవాళ్లది," అంది థెరీసా వెబ్.

న్యూ హాంప్‌షైర్‌లోని ఆ చిన్న ఊరికి ఆమె రావడం అది అయిదో ఏడు. బోస్టన్‌లో ఎక్కడో చరిత్ర పాఠాలు చెబుతుందట. వచ్చిందంటే నేలమాళిగలో కూర్చుని, రెండు వందల ఏళ్ల నాటి కాగితాల్లోంచి నల్ల అట్ట పుస్తకంలోకి పేర్లు ఎక్కించుకునేది. ఊరికి బరువవుతారని అప్పటి పెద్దలు పొలిమేర దాటించిన ఆడవాళ్ల పేర్లు.

"యుద్ధాలు చేసినవాళ్లున్నారు, చట్టాలు రాసినవాళ్లున్నారు. ఈ ఉతికేవాళ్లతో, వడికేవాళ్లతో మీకేం పని?" అన్నాడు టటిల్.

"యుద్ధానికి వెళ్లినవాడి చొక్కా ఎవరో ఒకరు ఉతికే ఉంటారుగా. మీ ఇంట్లో ఎవరు ఉతికేవారు?"

"ఎవరో వచ్చేది, ప్రతి సోమవారం. మేం పిల్లలం ఆవిణ్ణి 'సోమవారం' అనే పిలిచేవాళ్లం." టటిల్ నవ్వాడు.

"అసలు పేరు?"

"ఎవరికి తెలుసు?"

ఆమె నల్ల పుస్తకం మొదటి పేజీకి తిప్పి ఒక మాట రాసుకుంది.

"రాసుకునేదేదో తొందరగా రాసుకోండి. ఈ చెత్త పారేసే విషయం రేపు ఊరి సభలో తేలిపోతుంది. ఫైరింజన్ గొట్టాలకు చోటు లేదు."

మర్నాడు పాస్టరు ప్రార్థనతో సభ మొదలైంది.

"ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పిలిచే ప్రభువా..."

టటిల్ అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు.

కాగితాల సంగతి రాగానే వెనక వరుసలో థెరీసా లేచింది.

"పైఊరి మనిషి మాట్లాడాలంటే సభ ఒప్పుకోవాలి," అన్నాడు అధ్యక్షుడు.

"ఒప్పుకోకూడదు," టటిల్ లేచాడు. "మావాళ్లు ఎనిమిది తరాలుగా ఇక్కడున్నారు. మన నేలమాళిగ గురించి చెప్పడానికి ఈవిడెవరు? మన మనిషి కాదు."

ఆమె అతని వైపు చూసింది.

చేతులు లేచాయి. ఆమె మాట్లాడకూడదని తేలింది. కాగితాలు పారెయ్యాలనీ తేలింది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వరుస కట్టారు. చర్చి ఆడవాళ్లు వండిన బీన్సు, బ్రౌన్ బ్రెడ్డు. వరుస మొదట్లో థెరీసా నల్ల పుస్తకం తెరిచి నిలబడింది.

"పేషెన్స్ డ్రూ. నార వడికింది. చంటిబిడ్డతో మంచులోకి పంపేశారు."

"అమ్మా, మీరు మాట్లాడకూడదని సభ చెప్పింది," అన్నాడు టటిల్.

"ఇది సభ కాదు టటిల్ గారూ, భోజనం. పళ్లెం పట్టుకోండి. డార్కస్ హోల్ట్. బట్టలుతికింది. చేతులు పడిపోయాక పంపేశారు."

"ఎంతసేపు చదువుతారు?"

"మూడు వందల పన్నెండు పేర్లున్నాయి."

"బీన్సు అంతసేపు రావు," అన్నారెవరో. నలుగురు నవ్వారు.

వడ్డిస్తున్న చర్చి ఆడవాళ్లలో గరిటె పట్టుకున్న లోయిస్ మాత్రం నవ్వలేదు.

"చదవండమ్మా. వండేది మేమే. ఇంకో కుండ పెడతాం."

థెరీసా గొంతు తగ్గించకుండా చివరి పేరు దాకా చదివింది. పుస్తకం మూసి, కోటు తొడుక్కుని వెళ్లిపోయింది.

ఆ వారమే పెట్టెలు చెత్తలోకి పోయాయి. ఆమె మళ్లీ రాలేదు.

మూడేళ్లకు ఊరి లైబ్రరీకి ఓ లావుపాటి పుస్తకం వచ్చింది. మూడు వందల పన్నెండు మందీ అందులో ఉన్నారు. అచ్చయ్యేలోగానే రాసినావిడ పోయిందని లైబ్రేరియన్ చెప్పింది.

తన వంశం గురించి ఏం రాసిందోనని టటిల్ నిలబడే అట్ట తిప్పాడు.

మొదటి పేజీలో ఇలా ఉంది:

"మా అమ్మ ఓడిల్ పెల్టియేకి అంకితం. పదకొండేళ్లు టటిల్ గారింట్లో బట్టలుతికింది. నేను పుట్టింది ఆ ఊళ్లోనే. అక్కడ మా అమ్మ పేరు సోమవారం."