కండువా ఆయప్ప

చెంప ఛెళ్లుమంది.

హరీశ్ నోట్లోని గాజు పిపెట్ ఎగిరిపడి ముక్కలైంది. ఆళ్లగడ్డ డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబంతా వాణ్నే చూసింది. వాడు మనసుపడ్డ వర్షిణి కూడా చూసింది. అదీ వాడి మంట.

కొట్టింది మెడకు కండువా చుట్టుకున్న పెద్దమనిషి. ఈమధ్యే ఊరికొచ్చాడట. ప్రాక్టికల్స్ ఉన్నప్పుడల్లా వచ్చి తలుపు కాడ స్టూలు మీద కూర్చుంటాడు. పిల్లలకు పేరు తెలీదు. కండువా ఆయప్ప అంటారు.

"ఎందుకు కొడ్తివి?"

ఆయప్ప పిపెట్‌కు తగిలించే రబ్బరు బుడ్డి తీసి వాడి చేతిలో పెట్టాడు, దీంతో పీల్చు అన్నట్టు.

"నేనేమన్నా పాలు తాగే పిల్లోన్నా?" హరీశ్ దాన్ని విసిరికొట్టాడు. "నా మింద చెయ్యేసి నువ్వీడ ఎట్లుంటావో చూస్తా!"

వాళ్ల నాయన మాధవయ్యకు ఎరువుల అంగడి. కాలేజీ కమిటీలో పెద్ద నోరు. కొడుకు చెంప చూసి ఒళ్లు మండిపోయి, ప్రిన్సిపాల్‌కు ఫోన్ కొట్టాడు.

"ఎవుడప్పా వాడు?"

"సార్, పిల్లోళ్ల కోసం ఊరికే వస్తాండాడు. ఆయన సంగతి..."

"వాని సంగతి నాకొద్దు. వాడు గేటు దాటితే నీ కుర్చీ ఉండదు."

మర్నాడు వాచ్‌మన్ ఆయప్పను గేటు కాడే ఆపేశాడు. హరీశ్ చప్పట్లు కొట్టాడు. ఆయప్ప తన గొంతు తాకి, వద్దన్నట్టు చెయ్యూపాడు.

"ఏందీ, గొంతు కోస్తానంటాండావా? పోప్పా!"

ఎంత హాయిగా ఉందో వాడికి! అయినా కసి తీరలేదు.

తర్వాతి ప్రాక్టికల్లో రబ్బరు బుడ్డిని చెత్తబుట్టలో పారేశాడు. "ఇప్పుడెవుడు కొడ్తాడో రమ్మను!" అంటూ పిపెట్ నోట పెట్టాడు. సీసాలో చిక్కటి కాస్టిక్ సోడా అడుగంటింది. పిపెట్ మొన ద్రవంలోంచి పైకి తేలి గాలి లాగింది. ల్యాబ్ చూసే సుజాత మేడమ్ పరిగెత్తుకొచ్చేలోపే పీల్చిందంతా గొంతులోకి దూకింది.

నంద్యాల ఆసుపత్రిలో ప్రాణం దక్కింది. మాట ఇక రాదన్నారు.

ఒక సాయంత్రం కండువా ఆయప్ప వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. హరీశ్ ఆ చెయ్యి పట్టుకుని బావురుమన్నాడు. శబ్దం రాలేదు.

అంతలో మాధవయ్య వచ్చి ఆయప్ప చొక్కా పట్టుకున్నాడు.

"నువ్వేనా నా కొడుకును కొట్టినోడివి? ఇట్లయితాదని నోటితో చెప్పింటే వాడు ఇనకపోతాడా? నోరు పడిపోయిందా నీకు?"

ఆయప్ప కండువా విప్పాడు. గొంతు మధ్యలో రంధ్రం. చుట్టూ పాత మచ్చలు.

మాధవయ్య అప్పుడు సరిగ్గా చూశాడు ఆ ముఖాన్ని. చేతులు వాటంతటవే చొక్కా వదిలేశాయి.

ఆ మనిషి యేసురత్నం. బీయస్సీ రోజుల్లో అదే ల్యాబులో, మాధవయ్య నవ్వుకుంటూ సీసా మార్చి పెడితే, ఉత్త నీళ్లే అనుకుని పీల్చినవాడు.