నిమిరే చెయ్యి

"సార్, గా నిమురుడు మాత్రం తియ్యకుండ్రి!"

రోబోను నడిపే శ్రీలత దానికి అడ్డంగా నిలబడింది. ఇంజనీరు అరవింద్ ల్యాప్‌టాప్ మీది నుంచి తలెత్తాడు.

సిరిసిల్ల శివారులోని ఆ యూనిట్‌లో చీరలు మడతపెట్టేది ఆ రోబోనే. రెండు ఇనుప చేతులతో అంచుకు అంచు కలిపి మడిచేది. చివర మడత మీద రెండుసార్లు మెల్లగా నిమిరేది, పసిపిల్లను నిద్రపుచ్చుతున్నట్టు.

"ముడతలు అప్పటికే పోతున్నయి శ్రీలతా. మల్ల నిమురుడెందుకు? పని లేటయితుంది."

"దానికి చీరంటే పానం సార్," అన్నాడు ప్యాకింగ్ చేసే సత్తయ్య. "మొదట్ల నేను గూడ ఇనుపముక్కే అనుకున్న. నా చెయ్యి అడ్డమస్తె ఆగుతది, తీసేదాంక సూస్తది. ఇప్పుడు దానికి చెప్పందే నేను పని షురూ చెయ్య."

అరవింద్ నవ్వాడు. "ఏడికి పోయినా గిదే ముచ్చట. కొత్తల ఇనుమంటరు. కొన్ని దినాలు కలిసి పనిచేస్తే మనసున్నదంటరు. మనసూ లేదు, ఏం లేదు. కోరుట్ల యూనిట్ల చీరలు మడిచెటోళ్ల చేతులకు సెన్సర్ల గ్లవుజులు తొడిగి, వాళ్లెట్ల చేస్తే గట్ల దీనికి నేర్పినం." శ్రీలత వైపు తిరిగాడు. "డిప్లొమా చదివినవు. నువ్వు గూడ నమ్ముతున్నవా, దీనికి తెలివున్నదని?"

"లేదు సార్. దానికేం తెల్వదు."

"మరి మిషన్ బందయినంక దాని చెయ్యి పట్టుకొని కూసుంటవట?"

శ్రీలత రోబో చేతి వైపు తిరిగింది.

రోబో ఇంకో చీర మడిచింది. ఇనుప అరచెయ్యి మడత మీద ఒకసారి జారింది. ఆగింది. మళ్లీ జారింది, ఇంకా మెత్తగా. సత్తయ్య పని ఆపి చూస్తున్నాడు. అరవింద్ దాన్ని తెరమీద ఎన్నోసార్లు చూశాడు గానీ ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు. మీట మీద వేలు నిలిచిపోయింది.

"ఎవరి చెయ్యో గిది!" అన్నాడు మెల్లగా. "పిలిపిస్త. ఎందుకు గిట్ల నిమిరేదో అడుగుదాం."

"ఆమె రాదు సార్. పోయిన ఎండకాలం సచ్చిపోయింది."

"నీకెట్ల తెలుసు?"

"మా అమ్మ సార్."