ముగ్గులో ఊరు

చెంగమ్మ కాలు ఒకచోట నిలవడం లేదు. అందరూ చాపల మీద కూర్చుంటే ఆమె మాత్రం స్కూలు ఆవరణ ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతోంది.

"కూర్చోమ్మా, నాకు తల తిరగతా ఉండాది" అన్నాడు కొడుకు సతీష్.

"తిరిగేది నేను గదరా, నీకేం వచ్చె?"

మధ్యలో నేల మీద ఊరు ఉంది. ముగ్గుపిండితో వేసిన ఊరు. మనలి ఫ్యాక్టరీల పొగగొట్టాలు దాటాక, మద్రాసు మింగగా మిగిలిన చిన్న పల్లె వాళ్లది. ఇంకో ఇరవై ఏళ్లకు అది ఎట్లా ఉండాలో ఎవరో ఆఫీసులో కూర్చుని గీసేలోపు మనమే గీసుకుందామని ఊరి పెద్ద నాగప్పన్ పట్టుబట్టాడు.

ఈ ఊరి పిల్లే, వినోదిని, ప్లానింగు చదువుతోంది. పొద్దున పెద్ద కాగితం ఒకటి పరిచింది. అందులో తమ ఇల్లు ఎక్కడుందో ఒక్కరికైనా అర్థమైతే ఒట్టు! చివరికి ముగ్గుపిండి తెప్పించింది. అంతే, ఆడవాళ్లు కొంగులు దోపి, ఎవరి ఇల్లు వాళ్లు వేసేశారు. చిన్నపొన్ను అయితే తన గేదెను కూడా వేసింది.

వేయడం తేలికే. చెరపడంతోనే వచ్చింది చిక్కంతా. ఒకరు వేసిన ముగ్గు ఇంకొకరు చెరిపితే ఇంటికి అరిష్టమని ఆ ఊళ్లో నమ్మకం. అందుకని నాగప్పన్ ఒక కట్టుబాటు పెట్టాడు. ఎవరి జాగా పోతుందో వాళ్లే వంగి తమ చేత్తో చెరపాలి. చెరిపితేనే ఒప్పుకున్నట్టు. ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదు.

మారిముత్తు బడి పెద్దది చేసేందుకు తన పశువుల కొట్టం మూల చెరిపాడు. లూర్దుమేరి నీళ్ల ట్యాంకు కోసం తన సపోటా చెట్టు చెరిపి, ఆ పిండి చేత్తోనే కళ్లు తుడుచుకుంది. ముఖమంతా తెల్లబడేసరికి అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఇక మిగిలింది పెద్దవీధి. నవ్వులు ఆగిపోయాయి.

ఆ వీధి మొదట్లోనే ఉంది తిన్నె ఇల్లు. దాని తిన్నె, గుమ్మం ముందరి అరుగు, వీధిలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. ఆటో దూరుతుంది, అంబులెన్సు దూరదు. వానొస్తే నీళ్లకూ అక్కడే దారి మూసుకుపోతుంది. పోయిన వానాకాలం చెంగమ్మ కూతురు జీవితకు నొప్పులొచ్చాయి. అదే వీధి చివరింటికి కోడలుగా వెళ్లిన పిల్ల. అంబులెన్సు తిన్నె దగ్గర ఆగిపోయింది. నడుంలోతు నీళ్లలో జీవితను కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

"రోడ్డూ కాలువా రెండూ పట్టాలంటే తిన్నె ఒక్కటే తీస్తే చాలదు పెద్దయ్యా. ఇల్లే పోవాల" అంది వినోదిని తల వంచుకుని.

ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

"ఏల నోళ్లు మూసుకున్నారు?" చెంగమ్మ గొంతు లేచింది. "ఆ వానకు ముందే అందరూ పోయి అడిగినారు గదా, ఒక్క మూర తగ్గించమని. తగ్గించిందా ఆ మహాతల్లి? వక్కాకు నమలతా, 'మా మామ కట్టిన తిన్నె, పానం పోయినా ఇయ్యను' అనింది. పోయింది ఎవురి పానం? దానిది గాదే! నా మనవరాలిది!"

"అయిపోయిన మాటలు ఇప్పుడేలమ్మా?" అన్నాడు నాగప్పన్ నెమ్మదిగా. "ఇంకో దావ ఏదన్నా చూద్దాము."

తిన్నె ఇంటికి ఎదురుగా కాపురముండే సీతాదేవి అప్పటికే కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. "అక్కా, నీకు దండం పెడతా. మా గోడ పడగొట్టుకోండి, బావి పూడ్చుకోండి. ఆ ఇంటి జోలికి మాత్రం పోవద్దక్కా."

"నువ్వేల ఏడస్తావు? గోడతో అయ్యే పని గాదని పిల్ల చెప్పలా?"

"ఇల్లు పోతే మనుషులు యాడికి పోతారుమా?" సతీష్ లేచి నిలబడ్డాడు. "కొంచెం యోచన చెయ్యి."

"యాడికన్నా పోనీ. బాడిగింటికి పోనీ. జీవిత మళ్లా నీళ్లోసుకునిందిరా! ఈసారీ కుర్చీలోనే మోస్తారా?"

చెంగమ్మ మళ్లీ నడవడం మొదలుపెట్టింది. రెండుసార్లు ముగ్గు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. మూడోసారి మాత్రం చెప్పులు విడిచి లోపలికి దిగింది. ఎవరి ఇంటి గీత మీదా కాలు పడకుండా చూసుకుంటూ పెద్దవీధి మొదటికి పోయి, తిన్నె ఇంటి దగ్గర వంగింది.

సతీష్ పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వద్దుమా..."

విదిలించుకుంది. ముందు తిన్నె చెరిపింది. తర్వాత నడవ. తర్వాత వంటిల్లు. గడప దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత అదీ చెరిపేసింది. కట్టుబాటు ఉంది కదా అని ఎవరైనా అడ్డం పడతారేమో అనుకుంటే, ఊరంతా తల వంచుకుని కూర్చుంది.

చెంగమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి, పిండి అంటిన చేత్తోనే బొడ్లో దోపుకున్న తిన్నె ఇంటి తాళంచెవి తీసి, "పదరా, సామాన్లు సర్దుకుందాము" అని సతీష్ చేతిలో పెట్టింది.