మూడు లక్షల కిలోమీటర్ల బండి

"ఈ బండి నువ్వు కొనొద్దప్పా" అన్నాడు విజయభాస్కర్.

కారు అమ్ముతానని గేటుకు బోర్డు కట్టిన మనిషే ఆ మాట అనేసరికి, ఓబులేష్ బానెట్ మీది నుంచి చెయ్యి తీసి ఆయన వైపు వింతగా చూశాడు.

"ఏం సార్? దీనికేం తక్కువ?"

"మూడు లక్షల పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగిండాది. టర్బో ఎప్పుడు పోతాదో తెల్దు. అది పోయిందంటే బాగు చేయించే దుడ్లతో ఇంకో చిన్న కారొస్తాది. నా మాట విని పో."

వరండాలో నిలబడి వింటున్న ఆయన భార్య మహేశ్వరి నెత్తి కొట్టుకుంది.

"ఇట్లే చెప్పి పదకొండు మందిని పంపించినాడు. అరవై నాలుగేండ్లొచ్చినాయి, మోకాలికి ఆపరేషనయింది. అయినా అనంతపురం రోడ్డెక్కితే నూటా యాభైకి తగ్గడు. ఈ ఇంట్లో ఆ బండన్నా ఉండల్ల, నేనన్నా ఉండల్ల. నువ్వు తీస్కపో నాయనా!"

ఓబులేష్ అంత తేలిగ్గా పోయే రకం కాదు. ఇరవై ఏళ్లుగా అతనిది పాత కార్ల వ్యాపారం. లక్షన్నర తిరిగిన కారు సాయంత్రం అతని షెడ్డులోకి పోతే, మర్నాడు మీటరు మీద నలభై వేలతో, కొత్త పెళ్లికొడుకులా బయటికొచ్చేది. కిలోమీటర్ల విషయంలో తన కళ్లు కప్పే మొనగాడు జిల్లాలో ఇంకా పుట్టలేదని అతని ధీమా. అయితే ఈ రోజు తాడిపత్రికి వచ్చింది వ్యాపారానికి కాదు. లోకానికంతా కార్లు అమ్మి తాను మాత్రం స్కూటర్ మీద తిరిగే ఓబులేష్‌కి, ఇంజనుకు అదనపు ఊపునిచ్చే టర్బో ఉన్న ఇలాంటి సెడాన్ ఒకటి తన సొంతానికి ఉండాలని ఏళ్లుగా కోరిక. కొత్తది కొనే స్తోమత లేదు. పాతది కొన్నాక ఇంజను పాడైతే నిండా మునిగినట్టే. అందుకే వంగి, గుచ్చి గుచ్చి చూడడం మొదలుపెట్టాడు.

బ్రేకు పెడలు రబ్బరు మీద గీతలు చెక్కుచెదరలేదు. స్టీరింగ్ తోలు అరిగి మెరవాలి, మెరవలేదు. డ్రైవరు సీటు అంచు కుంగాలి, కుంగలేదు. మూడు లక్షల కిలోమీటర్లా!

బానెట్ ఎత్తాడు. బండలు కోసే ఫ్యాక్టరీల తెల్లదుమ్ము ఆ ఊళ్లో అన్నం గిన్నెలను కూడా వదలదు. ఈ కారు గాలి ఫిల్టరు డబ్బాలో మాత్రం చిటికెడు దుమ్ము లేదు. టర్బోకి గాలి పోయే గొట్టం విప్పి, లోపలి చక్రాన్ని వేలితో కదిపి చూశాడు. అది ఇసుమంత కూడా ఊగలేదు.

"ఒకసారి తోలి చూస్తా సార్."

ఊరు దాటి మూడో గేరులో తొక్కేసరికి టర్బో సన్నగా ఈల వేసింది. వీపు సీటుకు అతుక్కుపోయింది. బండల లారీలు ఒక్కొక్కటే వెనక్కి జారిపోయాయి. అద్దంలో చూస్తే పొగ జాడే లేదు. ఓబులేష్‌కి ఒళ్లు గగుర్పొడిచింది. ఇరవై ఏళ్లలో ఇలాంటి ఇంజను ఒక్కటీ చూడలేదు.

ఇంటి ముందు ఆపి తాళం తిప్పబోతే, పక్క సీట్లో ఉన్న విజయభాస్కర్ గబుక్కున అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఆర్పొద్దు! రెండు నిమిషాలుండు. టర్బో చల్లారల్ల."

రెండు నిమిషాలూ ఇద్దరూ గుడిలో కూర్చున్నట్టు కూర్చున్నారు.

"ఎట్ల కాపాడినారు సార్, ఇంత దూరం తోలి?" అని మెల్లగా అడిగాడు ఓబులేష్.

"ఏముండాదప్పా? స్టార్ట్ చేస్తానే తొక్కను. ఇంజను వెచ్చబడేదాకా మెల్లగా పోతా. కంపెనీ చెప్పిన దాంట్లో సగానికే ఆయిల్ మారుస్తా." మురిపెంగా చెప్తున్నవాడు చప్పున నాలిక్కరుచుకున్నాడు. "అయినా నువ్వు కొనొద్దు. ఆయిల్ తాగుతాది."

"రవ్వ పొగ కూడా రాలేదు కద సార్."

"ఏసీ సరిగా రాదు."

"నా చేతులు కొంకర్లు పోయినాయి సార్."

"సర్వీసు పుస్తకం గూడా లేదు. చెదలు తినింది."

"మీరుండంగా పుస్తకమెందుకు సార్!" ఓబులేష్ ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. "మూడు లక్షలు తిరిగిన బండిని పసిబిడ్డ మాదిరి సాకినారు. నేనూ ఇట్లే సాకుతా. మాటిస్తాండా."

అడ్వాన్సు మహేశ్వరికిచ్చాడు. ఆమె ఎక్కడ ఆలస్యమవుతుందోనన్నట్టు రెండో తాళం కూడా తెచ్చి అతని చేతిలో పెట్టేసింది. విజయభాస్కర్ గోడకానుకుని నిలబడ్డాడు. ఆ ముఖం చూస్తే ఓబులేష్‌కి జాలేసింది. కానీ ఇలాంటి బండిని వదులుకునేంత జాలి కాదు.

కారు గేటు దాటుతుండగా ఆయన కుంటుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. వరండా వైపు ఒకసారి చూసి, కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు.

"అప్పా, ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇది మీటరు తిప్పించిన బండి. ఇప్పుడన్నా వద్దను."

ఓబులేష్‌కి కోపం రాలేదు. కోపం తెచ్చుకునే హక్కు తనకెక్కడిది? పైగా ఆశ్చర్యం రెట్టింపయింది. మూడు లక్షలన్నది తగ్గించి చూపిన లెక్కన్నమాట! ఇంకెన్ని లక్షలు తిరిగి ఈ ఇంజను ఇలా ఉందో తలచుకుంటే అతనికి దణ్ణం పెట్టాలనిపించింది.

"అసలెంత సార్?" అన్నాడు. "నాలుగు లక్షలా? ఐదా?"

విజయభాస్కర్ తల దించుకున్నాడు.

"యాభై ఎనిమిది వేలు. ఎవరూ కొనకూడదని, ఆమె అమ్మమన్నప్పుడల్లా ముందుకు తిప్పిస్తా వచ్చినా."